సూర్యుని అయస్కాంత క్షేత్రం - వికిరణంలో మార్పులు: ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట ప్రాంత దృష్టితో ఒక పరిశీలన

శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా పశ్చిమ భాగంలోని ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట మండలాలలో ఎండలు ముదిరినప్పుడల్లా "సూర్యునిపై పేలుళ్ల వల్లనే ఈ వేడి" అనే మాట వినవస్తుంది. వర్షాలు మొగం చాటేసిన సంవత్సరాలలో అదే నింద సూర్యుని మచ్చలపై పడుతుంది. ఈ రెండు అభిప్రాయాలలోనూ కొంత శాస్త్రం, అంతకు మించిన అపోహ కలగలిసి ఉన్నాయి. సూర్యుని అయస్కాంత క్షేత్రానికీ, సూర్యుడు వెదజల్లే వికిరణంలోని హెచ్చుతగ్గులకూ గల సంబంధం గురించి నేటికి నిర్ధారణ అయిన విషయాలను, ఈ ప్రాంతానికి వర్తించే మేరకు, పాత్రికేయుల, అధికారుల వినియోగార్థం ఇక్కడ పొందుపరచడమైనది.

ముందుగా పేర్ల విషయం. సూర్యుడికి సంబంధించిన వార్తలలో తరచు కనిపించే ఉదయపూర్ సౌర వేధశాల రాజస్థాన్‌లోని ఫతేసాగర్ సరస్సులో ఉన్నది. దానికీ మన ఉదయగిరికీ సంబంధం లేదు. ఆత్మకూరు పేరుతో నంద్యాల, అనంతపురం, వనపర్తి జిల్లాలలోనూ పట్టణాలు, మండల కేంద్రాలు ఉన్నందున ఈ వ్యాసంలో ఆత్మకూరు అన్నచోట నెల్లూరు జిల్లా ఆత్మకూరు అనే గ్రహించవలసి ఉంటుంది. సూర్యుడు ఉదయించే కొండ అన్న అర్థం గల ఉదయగిరి, జిల్లాకు తూర్పున కాక పడమటి అంచున వెలిగొండల వద్ద ఉండటం ఒక విశేషం.

సౌర స్థిరాంకం స్థిరం కాదు

భూ వాతావరణం వెలుపల, సూర్యకిరణాలకు లంబంగా ఉంచిన ఒక చదరపు మీటరు తలంపై పడే మొత్తం సౌరశక్తి, సూర్యునికి భూమి సగటు దూరంలో ఉన్నప్పుడు, సుమారు 1361 వాట్లు. పాఠ్యపుస్తకాలలో దీనిని చాలాకాలం సౌర స్థిరాంకంగా పేర్కొన్నారు. అమెరికాకు చెందిన చార్లెస్ అబాట్ వంటి శాస్త్రజ్ఞులు 20వ శతాబ్దం తొలి దశాబ్దాలలో పర్వత శిఖరాలపై నుంచి ఈ విలువలోని మార్పులను కొలిచేందుకు ఏళ్ల తరబడి శ్రమించారు. కాని గాలిలోని ధూళి, తేమ కలిగించే దోషాలు సూర్యునిలోని అసలు మార్పు కంటే పెద్దవి కావడంతో ఆ ప్రయత్నం తేలలేదు. సమస్య ఉపగ్రహాలతోనే పరిష్కారమైంది.

1978 నవంబరులో నింబస్-7 ఉపగ్రహంతో అంతరిక్షం నుంచి ఎడతెగని కొలతలు మొదలయ్యాయి. 1980 ఫిబ్రవరి 14న అమెరికా ప్రయోగించిన సోలార్ మాగ్జిమమ్ మిషన్ ఉపగ్రహంలోని అక్రిమ్ పరికరం అంతకంటే సూక్ష్మంగా కొలిచి, పెద్ద మచ్చల సమూహం సూర్యబింబం నడుమకు వచ్చిన రోజులలో మొత్తం వికిరణం స్పష్టంగా తగ్గుతున్నదని నిరూపించింది. ఆ ఉపగ్రహం కక్ష్యలోకి వెళ్లిన రెండు రోజులకే, ఫిబ్రవరి 16న, సంపూర్ణ సూర్యగ్రహణం తెలుగునేల మీదుగా సాగింది. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన జపాల్-రంగాపూర్ వేధశాల ఆ గ్రహణ మార్గంలోనే ఉండటంతో శాస్త్రజ్ఞులు అక్కడికి తరలివచ్చారు. సౌరచక్రం గరిష్ఠ దశలో వచ్చిన గ్రహణం కావడంతో, అలాంటి దశకు సహజమైన రీతిలో, కరోనా అన్ని వైపులకూ విస్తరించి కనిపించింది.

అప్పటి నుంచి నేటి వరకు వరుస ఉపగ్రహాలు అందించిన కొలతల సారాంశం ఇది. సుమారు 11 సంవత్సరాల సౌరచక్రంలో కనిష్ఠ దశకూ గరిష్ఠ దశకూ నడుమ మొత్తం వికిరణంలో తేడా దాదాపు 0.1 శాతం, అనగా చదరపు మీటరుకు 1.4 వాట్ల లోపు. ఒక పెద్ద మచ్చల సమూహం బింబాన్ని దాటే కొన్ని రోజులలో మాత్రం తగ్గుదల 0.3 శాతం వరకు ఉండవచ్చు. 2003 అక్టోబరు చివరిలో అలాగే జరిగింది. మచ్చలు ఎక్కువగా ఉన్న సంవత్సరాలలో సూర్యుడు మసకబారాలి కదా అన్నది సహజమైన ప్రశ్న. జరుగుతున్నది అందుకు విరుద్ధం. మచ్చలు అధికంగా ఉన్న గరిష్ఠ దశలోనే సూర్యుని సగటు ప్రకాశం హెచ్చుగా ఉంటున్నది. దీనికి కారణం తెలియాలంటే అయస్కాంత క్షేత్రం పనితీరును గమనించాలి.

మచ్చ ఎందుకు నలుపు, దాని పొరుగు ఎందుకు తెలుపు

సూర్యుని వ్యాసార్ధంలో వెలుపలి దాదాపు 30 శాతం భాగంలో, పొయ్యి మీద ఎసరు మరిగినట్లు, వేడి వాయువు పైకి పొంగి, చల్లబడి కిందికి దిగుతూ ఉంటుంది. కేంద్రంలో పుట్టిన శక్తి పైపొరకు చేరేది ఈ సంవహనం ద్వారానే. అదీగాక సూర్యుడు గట్టి గోళం వలె తిరగడు. మధ్యరేఖ వద్ద సుమారు 25 రోజులకు, ధ్రువాల సమీపంలో సుమారు 35 రోజులకు ఒక చుట్టు తిరుగుతాడు. ఈ అసమ భ్రమణం విద్యుదావేశం గల వాయువులోని అయస్కాంత బలరేఖలను సాగదీసి, పురి పెట్టి, కట్టలు కట్టలుగా బలపరుస్తుంది. అలాంటి కట్ట ఒకటి పైకి తేలి ఉపరితలాన్ని చీల్చుకుని వచ్చినచోట ఒక జంట మచ్చల సమూహం ఏర్పడుతుంది. ఒకటి ఉత్తర ధ్రువత్వం, మరొకటి దక్షిణ ధ్రువత్వం కలిగి ఉంటాయి. మచ్చలలో అయస్కాంత క్షేత్రం ఉన్నదని 1908లో మౌంట్ విల్సన్ వేధశాలలో జార్జ్ ఎలెరీ హేల్ వర్ణపట రేఖల చీలిక ఆధారంగా కనుగొన్నారు.

పెద్ద మచ్చ మధ్యభాగంలో క్షేత్ర బలం రెండు మూడు వేల గాస్‌లు. నెల్లూరు జిల్లాలో దిక్సూచి ముల్లును తిప్పే భూ అయస్కాంత క్షేత్రం అర గాస్ కూడా లేదు. అంత బలమైన క్షేత్రం వాయువు అడ్డదిడ్డంగా కదలడాన్ని నిరోధిస్తుంది. సంవహనం కుంటుపడి, కింది నుంచి రావలసిన వేడి తగ్గుతుంది. సూర్యుని ఉపరితల ఉష్ణోగ్రత సగటున 5772 కెల్విన్లు కాగా మచ్చ నడుమ సుమారు 4000 కెల్విన్లు. వెలువడే వికిరణం ఉష్ణోగ్రత నాలుగో ఘాతాన్ని అనుసరిస్తుంది గనుక, మచ్చ అదే వైశాల్యంలో నాలుగో వంతు కంటే తక్కువ శక్తిని మాత్రమే వెదజల్లుతుంది. అది నిజంగా నల్లనిది కాదు. చుట్టూ ఉన్న వెలుగు పక్కన నల్లగా కనిపిస్తుంది, అంతే.

మచ్చ కింద ఆగిపోయిన వేడి ఏమవుతుందని అడిగేవారు ఉంటారు. అది మచ్చ చుట్టూ వెంటనే పొంగిరాదు. కింది సంవహన పొర అపారమైన ద్రవ్యరాశి గల పెద్ద నిల్వ. నిరోధానికి గురైన శక్తి అందులో కలిసి, సుదీర్ఘ కాలంలో మాత్రమే బయటికి వస్తుంది. అందువల్ల మచ్చ వల్ల కలిగే తగ్గుదల ఆ రోజులకు నిజమైన తగ్గుదలే.

ఇక ప్రకాశం పెరిగే విషయం. మచ్చల పరిసరాలలోనూ, ఉపరితలమంతటా వలవలె పరచుకుని కూడా, కొన్ని వందల కిలోమీటర్లకు మించని సన్నని అయస్కాంత గొట్టాలు లెక్కకు మిక్కిలిగా ఉంటాయి. వీటిలోనూ క్షేత్రం వెయ్యి గాస్‌లకు పైబడే ఉంటుంది. అయితే ఇవి సన్నవి కావడం వల్ల ప్రక్కగోడల నుంచి వేడి లోపలికి సులువుగా చొరబడుతుంది. అయస్కాంత పీడనం కారణంగా గొట్టంలో వాయువు పలచబడి ఉండటంతో, చూపు మరికాస్త లోతుకు, వేడి గోడల వరకు పోతుంది. ఫలితంగా అవి పరిసరాల కంటే ప్రకాశవంతంగా, ముఖ్యంగా సూర్యబింబం అంచు దగ్గర ఉజ్జ్వలమైన మరకలుగా అగుపిస్తాయి. శాస్త్రజ్ఞులు వీటిని ఫాక్యులాలని వ్యవహరిస్తారు. ఒకే అయస్కాంత క్షేత్రం లావుపాటి కట్టగా ఉంటే చీకటి, సన్నని పోగులుగా ఉంటే వెలుగు అన్నమాట. మచ్చలు కొద్ది రోజులలో, వారాలలో అంతరించగా, వాటి నుంచి చెదిరిన ఫాక్యులాలు నెలల తరబడి కొనసాగుతాయి, విస్తీర్ణంలోనూ ఎక్కువ. చక్రం మొత్తం మీద వీటి వెలుగు మచ్చల చీకటిని మించిపోతుంది.

ఉపరితల అయస్కాంత పటాలను మాత్రమే ఆధారం చేసుకుని రూపొందించిన గణిత నమూనాలు, ఉపగ్రహాలు కొలిచిన మొత్తం వికిరణ మార్పులలో 90 శాతానికి పైగా వివరించగలుగుతున్నాయి. ఒక రోజు కంటే తక్కువ వ్యవధిలోని చిన్నపాటి కదలికలు మాత్రం సంవహన కణికలవి, సూర్యుని ప్రకంపనలవి. రోజుల నుంచి దశాబ్దాల వరకు కనిపించే మార్పునకు మూలం అయస్కాంత క్షేత్రమేనని ఈ కారణంగా భావించవచ్చు.

అసలు మార్పు కంటికి కనిపించని కిరణాలలో

మొత్తం వికిరణంలో 0.1 శాతం అన్నది సగటు లెక్క. తరంగదైర్ఘ్యం తగ్గేకొద్దీ మార్పు తీవ్రత పెరుగుతుంది. కంటికి కనిపించే వెలుగులో అది నామమాత్రం. ఓజోన్ పొరను ప్రభావితం చేసే 200 నుంచి 300 నానోమీటర్ల అతినీలలోహిత భాగంలో స్వల్పం నుంచి కొన్ని శాతాల వరకు. అంతకంటే పొట్టి తరంగాలలో ఒకటిన్నర, రెండు రెట్లు. ఎక్స్-కిరణాలలో పదుల, వందల రెట్లు. ఈ పొట్టి తరంగాలు పుట్టేది ఉపరితలానికి పైనున్న వర్ణావరణంలో, కరోనాలో. అక్కడి వాయువును లక్షల డిగ్రీలకు వేడెక్కించే శక్తి అయస్కాంత క్షేత్రం నుంచి వస్తున్నది గనుక, క్షేత్రం పెరిగితే ఈ కిరణాలు అదే నిష్పత్తిని మించి పెరుగుతాయి. 1947 నుంచి కెనడాలో ప్రతిదినం కొలుస్తున్న 10.7 సెంటీమీటర్ల రేడియో తరంగాల తీవ్రత కనిష్ఠ దశలో 70 ప్రమాణాల లోపు ఉండి, గరిష్ఠ దశలో 200 దాటుతుంది.

ఈ విభాగాన్ని సూటిగా పరిశీలిస్తున్న భారతీయ పరికరం ఆదిత్య-ఎల్1 వ్యోమనౌకలోని సూట్ దూరదర్శిని. ఆదిత్య-ఎల్1ను 2023 సెప్టెంబరు 2న ఉదయం 11.50 గంటలకు శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్వీ-సీ57 వాహకనౌక ద్వారా ప్రయోగించారు. (దశాబ్దాల పాటు నెల్లూరు జిల్లా కీర్తిగా నిలిచిన శ్రీహరికోట, 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణతో తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. వార్తలలో ఈ సవరణ పాటించడం మంచిది.) భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరాన, సూర్యుని దిశలో గల ఎల్1 బిందువు చుట్టూ కక్ష్యలోకి 2024 జనవరి 6న అది చేరుకుంది. ఏడు పరికరాలలో పూణే ఐయూకా సంస్థ నేతృత్వంలో నిర్మించిన సూట్, 200 నుంచి 400 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిలో సూర్యబింబం మొత్తాన్ని 11 వడపోతల ద్వారా చిత్రిస్తున్నది. భారత ఖగోళ భౌతికశాస్త్ర సంస్థ నిర్మించిన వెల్క్ కరోనాను, అందలి అయస్కాంత క్షేత్రాన్ని అధ్యయనం చేయడానికి ఉద్దేశించినది. మాగ్ అనే మరో పరికరం ఆరు మీటర్ల పొడవైన కడ్డీపై అమర్చిన కొలమానం. ఇది సూర్యునిపై గల క్షేత్రాన్ని కాక, సౌరపవనంతో పాటు ఎల్1 వద్దకు కొట్టుకొచ్చే క్షేత్రాన్ని కొలుస్తుంది. ఈ తేడాను వార్తలలో విస్మరించడం తరచు జరుగుతున్నది.

2024 ఫిబ్రవరి 22న వెలువడిన ఎక్స్6.3 తరగతి సౌరజ్వాలను సూట్ చిత్రించింది. మచ్చల పైనున్న అయస్కాంత బలరేఖలు తెగి, మరో విధంగా ముడిపడినప్పుడు విడుదలయ్యే శక్తియే సౌరజ్వాల. అప్పుడు ఎక్స్-కిరణాలు నిమిషాలలో వందల రెట్లు పెరుగుతాయి. అయినప్పటికీ 2003 అక్టోబరు 28 నాటి అతి పెద్ద జ్వాల సైతం మొత్తం సౌర వికిరణాన్ని 0.03 శాతం లోపే పెంచింది, అదీ కొద్ది నిమిషాల పాటు. "సౌరజ్వాల వల్ల నేడు ఎండ పెరిగింది" అన్న వార్తకు ఎలాంటి ఆధారం ఉండజాలదు.

మెట్ట ఎండలకు కారణం ఎక్కడ ఉంది

ఉదయగిరి సుమారు 14.9, ఆత్మకూరు సుమారు 14.6 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉన్నాయి. సూర్యుడు ఇక్కడ సరిగ్గా నడినెత్తిపైకి వచ్చేది ఏడాదిలో రెండుసార్లు: ఏప్రిల్ ఆఖరు - మే ఒకటో తేదీ ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 12, 13 ప్రాంతంలో మరోసారి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న నానుడి పుట్టిన మే నెలాఖరుకు భూమి సూర్యునికి దగ్గరగా కాదు, దూరంగా జరుగుతూ ఉంటుంది. జనవరి తొలివారంలో భూమి సూర్యునికి అతి సమీపంలో ఉన్నప్పుడు చదరపు మీటరుకు అందే శక్తి సుమారు 1408 వాట్లు కాగా, జులై తొలివారంలో అతి దూరంగా ఉన్నప్పుడు సుమారు 1317 వాట్లు. ఈ 91 వాట్ల తేడా ఏటా వచ్చిపోతున్నా సంక్రాంతి చలిగానూ, రోహిణి ఎండగానూ ఉంటున్నాయి. అలాంటప్పుడు 11 ఏళ్లలో వచ్చే 1.4 వాట్ల తేడాను వడగాడ్పులకు కారణంగా చూపడం పొసగదు.

ఇక్కడి వేడికి స్థానిక కారణాలు చాలినన్ని ఉన్నాయి. వెలిగొండల మీదుగా వీచే పొడి పడమటి గాలి, సముద్రపు గాలి ఆలస్యంగా, బలహీనంగా చేరడం, పైరు లేని చేలు, తేమ ఇంకిపోయిన నేల, రాత్రివేళ కూడా వేడిని విడుదల చేసే రాతి గుట్టలు వాటిలో ప్రధానమైనవి. వీటికి తోడు భూగోళం మొత్తం వేడెక్కుతున్నది. సౌరచక్రం కనిష్ఠం నుంచి గరిష్ఠానికి చేరినప్పుడు ప్రపంచ సగటు ఉష్ణోగ్రతలో కలిగే పెరుగుదల 0.1 డిగ్రీ సెల్సియస్ మాత్రమేనని అంచనా; అదీ మళ్లీ తగ్గిపోయేదే. పారిశ్రామిక యుగానికి ముందు నాటితో పోలిస్తే ఇప్పటికి భూమి ఒక డిగ్రీకి పైగా వేడెక్కింది. 1980ల తరువాత సూర్యుని కార్యకలాపం పెరగలేదు సరికదా, 2008లో మొదలైన 24వ చక్రం శతాబ్దంలోనే బలహీనమైన వాటిలో ఒకటి. వడదెబ్బ మరణాల నివారణ చర్యలు చేపట్టే అధికారులకు ఈ విషయం ముఖ్యం. కారణం సూర్యునిపై ఉన్నదని ప్రజలు నమ్మితే, నీడ, మంచినీరు, పనివేళల మార్పు వంటి చేతిలో ఉన్న చర్యలపై శ్రద్ధ సన్నగిల్లుతుంది.

సౌర విద్యుత్తు విషయంలోనూ ఇదే లెక్క. ఇంటి కప్పుపై 3 కిలోవాట్ల పలకలు అమర్చుకున్న వినియోగదారునికి సౌరచక్రం వల్ల కలిగే తేడా 3 వాట్లు. పలకలపై పేరుకున్న దుమ్ము అంతకు ఎన్నో రెట్లు నష్టం కలిగిస్తుంది. పలక వేడి ప్రతి డిగ్రీకీ ఉత్పత్తి సుమారు 0.4 శాతం తగ్గుతుంది కనుక, మే నెల మధ్యాహ్నం 60 డిగ్రీలకు చేరిన పలక దాని ప్రామాణిక సామర్థ్యం కంటే 14 శాతం మేర తక్కువ ఇస్తుంది. ఎండ ఎక్కువైతే కరెంటు ఎక్కువ అన్న లెక్క మెట్టలో అన్ని వేళలా నిలవదు.

కరువు, మచ్చలు, ఒక వేధశాల

సూర్యుని మచ్చలను వానలతో ముడిపెట్టడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. 1876-78 నాటి మహా కరువులో మద్రాసు రాజధానిలోని బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలతో పాటు నెల్లూరు జిల్లా కూడా తీవ్రంగా దెబ్బతిన్నది. ఆ కరువు కాలంలోనే, 1877లో, విలియం విల్సన్ హంటర్ మద్రాసు వర్షపాత లెక్కలను పరిశీలించి, మచ్చలు తక్కువగా ఉన్న సంవత్సరాలలో వానలు తగ్గుతాయని ప్రతిపాదించారు. నార్మన్ లాకియర్‌తో కలిసి ఆయన రాసిన వ్యాసం అప్పట్లో విశేష చర్చకు దారితీసింది. 1878 చివరిలో సౌరచక్రం కనిష్ఠ దశకు చేరడంతో వాదన నిజమేననిపించింది. కరువులను ముందుగా పసిగట్టవచ్చునన్న ఆశ, భారతదేశంలో ప్రత్యేక సౌర వేధశాల కావాలన్న కోరికకు బలం చేకూర్చింది. 1899లో ఏర్పడిన కొడైకెనాల్ వేధశాల 1901లో పరిశీలనలు ప్రారంభించింది.

ఆ ఆశ ఫలించలేదు. 1904లో భారత వాతావరణ శాఖ అధిపతి అయిన గిల్బర్ట్ వాకర్, మచ్చలకూ వర్షపాతానికీ గల సంబంధాన్ని విస్తృతంగా లెక్కగట్టి, అది ముందస్తు అంచనాలకు ఉపయోగపడేంత బలమైనది కాదని తేల్చారు. అదే అన్వేషణలో ఆయనకు పసిఫిక్, హిందూ మహాసముద్రాల వాయుపీడనాల మధ్య ఊయలవంటి మార్పు కనిపించింది. నేడు ఎల్‌నినోతో కలిపి చెప్పుకునే దక్షిణ డోలనం అదే. 1877-78లో అత్యంత తీవ్రమైన ఎల్‌నినో సంభవించిందనీ, ఆనాటి కరువుకు ప్రధాన కారణం అదేననీ ఇప్పుడు శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. కనిష్ఠ దశ దానికి కాలంలో పొరుగున ఉన్నది, అంతవరకే. నెల్లూరు జిల్లాకు ఈశాన్య రుతుపవనాలే ముఖ్యాధారం కాబట్టి ఎల్‌నినో ప్రభావం ఇక్కడ రాయలసీమ, తెలంగాణల మాదిరి ఉండదని, నైరుతి వర్షాలు తగ్గినా అక్టోబరు తరువాత వర్షాలు పెరిగే అవకాశం ఉంటుందని కూడా గమనించాలి. మెట్ట రైతుకు గాని, సోమశిల జలాశయంలోకి వచ్చే పెన్నా నీటిని లెక్కించే ఇంజనీరుకు గాని ఉపయోగపడే సూచిక సముద్రంలో ఉంది.

తాలూకా వర్షపాత రికార్డులను ముందు పెట్టుకుని 11 ఏళ్ల చక్రాన్ని వెతికేవారు ఇప్పటికీ ఉన్నారు. 1878 డిసెంబరు నుంచి 2019 డిసెంబరు వరకు గడిచిన చక్రాలు 13 మాత్రమే. ఇంత చిన్న సంఖ్యలో ఏ రెండింటికైనా పొంతన కుదిరినట్లు తోచవచ్చు. చరిత్రలోనూ అటువంటి పొంతనలు ఉన్నాయి. శ్రీకృష్ణదేవరాయలు ఉదయగిరి దుర్గాన్ని ముట్టడించి 1514లో గజపతుల నుంచి స్వాధీనం చేసుకున్న కాలం, సుమారు 1450 నుంచి 1550 వరకు సూర్యుడు నిస్తేజంగా ఉన్న స్పోరర్ కనిష్ఠ కాలంలో పడుతుంది. చెట్ల వలయాలలోని కర్బనం-14 ఆధారంగా ఈ కాలం తెలిసింది. ఇది తారీఖుల ముచ్చటే గాని, ముట్టడికీ మచ్చలకూ లంకె పెట్టడానికి పనికిరాదు.

వానల జాడ చెప్పకపోయినా కొడైకెనాల్ శ్రమ వృథా కాలేదు. 1909లో అక్కడ జాన్ ఎవర్షెడ్, మచ్చ పరిసరాల్లో వాయువు బయటివైపు ప్రవహిస్తున్నదని కనుగొన్నారు. హైదరాబాదులో పెరిగి, నిజామియా వేధశాల ఆవరణలో ఖగోళశాస్త్రం వంటబట్టించుకున్న ఎం.కె.వేణు బప్పు 1960లో ఈ వేధశాల సారథ్యం స్వీకరించారు. అంతకు ముందే, 1957లో, నక్షత్రాల కాల్షియం-కె రేఖ వెడల్పునకూ వాటి తేజస్సుకూ గల సంబంధాన్ని ఓలిన్ విల్సన్‌తో కలిసి ఆయన ప్రకటించి ఉన్నారు. అయస్కాంత క్షేత్రం బలంగా ఉన్నచోట ఈ కాల్షియం కాంతి ప్రకాశిస్తుంది. 20వ శతాబ్దం తొలి దశకం నుంచి కొడైకెనాల్‌లో అదే కాంతిలో తీసి భద్రపరచిన ఛాయాచిత్ర ఫలకాలు, అయస్కాంత పటాలు లేని కాలానికి ప్రత్యామ్నాయంగా నిలిచి, గత శతాబ్దపు సౌర వికిరణాన్ని తిరిగి లెక్కగట్టడానికి నేడు ప్రపంచవ్యాప్తంగా వినియోగపడుతున్నాయి. తెలుగునాట సౌర పరిశీలన చరిత్ర అంతకంటే పాతది. 1868 ఆగస్టు 18 గ్రహణాన్ని గుంటూరు నుంచి పియరీ జాన్సెన్, మచిలీపట్నం నుంచి నార్మన్ పోగ్సన్ పరిశీలించారు. హీలియం ఆవిష్కరణకు దారితీసిన ఆనాటి పసుపు రేఖ కనిపించిన ఎర్రని జ్వాలాతోరణాలను సూర్యునిపై నిలబెట్టేది అయస్కాంత క్షేత్రమేనన్న సంగతి చాలా కాలానికి గాని తెలియలేదు.

కార్యాలయాలకు నిజంగా తగిలే ప్రభావం

ఎండకూ వానకూ సంబంధం లేదన్నంత మాత్రాన సౌర అయస్కాంత చక్రాన్ని అధికారులు పట్టించుకోనవసరం లేదని కాదు. అతినీలలోహిత, ఎక్స్-కిరణాలు పెరిగినప్పుడు భూమికి వంద కిలోమీటర్లు, ఆపైన గల అయనావరణం చిక్కబడుతుంది. భూ అయస్కాంత మధ్యరేఖ తమిళనాడు దక్షిణ కొస మీదుగా సాగుతున్నందున దక్షిణ భారతంలో ఈ ప్రభావం ఎక్కువ. ఉపగ్రహ సంకేతాలు అయనావరణాన్ని దాటేటప్పుడు ఆలస్యమై, స్థాన నిర్దేశంలో దోషం కలుగుతుంది. గరిష్ఠ దశ సంవత్సరాలలో, ముఖ్యంగా మార్చి-ఏప్రిల్, సెప్టెంబరు-అక్టోబరు నెలలలో, సూర్యాస్తమయం తరువాత అర్ధరాత్రి వరకు సంకేతాలు మిణుకుమిణుకుమంటూ తెగిపోవడమూ సహజం.

రాష్ట్రంలో 2020 డిసెంబరులో ప్రారంభమైన భూముల రీసర్వేలో స్థిర బేస్ స్టేషన్లు, రోవర్లు ఉపగ్రహ సంకేతాలపైనే ఆధారపడినవి. సరిహద్దు రాయి దగ్గర సెంటీమీటర్ల తేడా సైతం తగాదాకు దారితీసే మెట్ట గ్రామాలలో, రోవర్ స్థిరపడని రోజున పరికరాన్నో సర్వేయరునో తప్పుపట్టే ముందు, ఆ రోజు అంతరిక్ష వాతావరణ సూచనను చూసుకోవడం, కొలతను వేరే సమయంలో తిరిగి తీయడం అవసరం. విమానయానానికి ఉద్దేశించిన గగన్ వ్యవస్థ రూపకల్పనలోనే మన అక్షాంశాల అయనావరణానికి తగిన నమూనాను పొందుపరచవలసి వచ్చింది. తిరుపతి సమీపంలోని గాదంకి జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఈ పై పొరలను రాడార్లతో పరిశీలిస్తున్నది.

తుఫానుల జిల్లా అయిన నెల్లూరుకు మరొక విషయం వర్తిస్తుంది. సెల్ టవర్లు పడిపోయినప్పుడు ఆధారమయ్యే హ్రస్వ తరంగ రేడియో, పగటిపూట పెద్ద సౌరజ్వాల వస్తే నిమిషాల నుంచి గంట వరకు మూగబోవచ్చు. 2017 సెప్టెంబరు 6న ఎక్స్9.3 జ్వాల వెలువడినప్పుడు, ఇర్మా హరికేన్ సహాయక చర్యలలో ఉన్న కరీబియన్ ప్రాంత రేడియో నిర్వాహకులకు సరిగ్గా ఇదే ఎదురైంది. విపత్తు నిర్వహణ ప్రణాళికలలో ఒకే సమాచార మార్గంపై ఆధారపడకూడదనడానికి ఇది తగిన ఉదాహరణ.

ప్రస్తుత 25వ సౌరచక్రం 2019 డిసెంబరులో ప్రారంభమైంది. సూర్యుడు గరిష్ఠ దశకు చేరినట్లు 2024 అక్టోబరులో నాసా, నోవా సంస్థలు ప్రకటించాయి. అదే ఏడాది మే 10, 11 తేదీలలో రెండు దశాబ్దాల తరువాత అత్యంత తీవ్రమైన భూ అయస్కాంత తుఫాను సంభవించి, లడఖ్‌లోని హాన్లే నుంచి ఆకాశంలో ఎర్రని కాంతి నమోదైంది. నెల్లూరు జిల్లా నుంచి ధ్రువకాంతులు కనిపించాయని ఛాయాచిత్రాలు ప్రచారంలోకి వస్తే, ఇక్కడి అక్షాంశం దృష్ట్యా వాటిని ప్రచురించే ముందు గట్టిగా సరిచూసుకోవాలి. గరిష్ఠం దాటిన తరువాత రెండు మూడేళ్ల వరకు కూడా పెద్ద జ్వాలలు వెలువడటం గత చక్రాలలో కనిపించింది. 2003 అక్టోబరు నాటివి, 2017 సెప్టెంబరు నాటివి రెండూ అవరోహణ దశలో వచ్చినవే.

పాఠశాలల్లో సూర్యుని మచ్చలను చూపదలచిన ఉపాధ్యాయులు బింబాన్ని నేరుగా గాని, ఎక్స్-రే ఫిల్ములు, మసిపట్టిన గాజు వంటి వాటి ద్వారా గాని చూపరాదు. చిన్న దూరదర్శిని నుంచి వచ్చే బింబాన్ని తెల్లని అట్టపై పడవేసి చూపడం సురక్షితం. మచ్చలతో పాటు అంచుల వద్ద ఉజ్జ్వల మరకలు సైతం కొన్ని రోజులలో అందులో కనిపిస్తాయి. 2031 మే 21న కేరళ, తమిళనాడుల మీదుగా సాగే వలయ సూర్యగ్రహణం ఉదయగిరి, ఆత్మకూరులలో పాక్షికంగా కనిపిస్తుంది.